తాడు లాగిన గట్టు

కోనసీమలో లొల్ల లాకుల నుంచి కిందికి, కాలువ వెంబడి తెల్లవారుజామున పరిగెత్తేవాళ్లు ఈ మధ్య కనిపిస్తున్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. విశాఖ సముద్రపొడ్డున నేవీవాళ్లు జరిపే మారథాన్ కోసం తయారవుతున్నాను. మా కాళ్ల కింది గట్టు అంత వెడల్పుగా, అంత చదునుగా ఎందుకుందో మాలో చాలామందికి తెలియదు. మనుషులు రోజంతా నడవాలనే ఆ గట్టును అలా వేశారు. భుజాన తాడు, తాడు చివర నీళ్లలో పడవ. వందేళ్లకు పైగా ఈ గట్ల మీద నడక అంటే అదే.

1832–33లో వచ్చిన నందన కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన గోదావరి ప్రాంతాన్ని ఎముకల గూడు చేశాయి. పక్కనే నది ఉన్నా పొలానికి నీరు లేదు. ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, ఇవి ఆ ఆనకట్ట నాలుగు ముక్కలు. మన కోనసీమకు, అంటే మధ్య డెల్టాకు, నీరు బొబ్బర్లంక దగ్గర కాలువలోకి దిగుతుంది. అక్కణ్నించి లొల్లకు వచ్చి కొమ్మలుగా చీలుతుంది. కాటన్‌కు నీటిపారుదల మీద ఎంత పట్టో జలరవాణా మీదా అంతే పట్టు. రైళ్ల కంటే కాలువలే ఈ దేశానికి మేలని జీవితాంతం వాదించిన మనిషి. అందుకే డెల్టా ప్రధాన కాలువలు, దాదాపు 500 మైళ్లు, చాలావరకు పడవలు తిరిగేలా తవ్వించారు. నీటిమట్టం మారినచోటల్లా లాకులు కట్టారు. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది, బకింగ్‌హాం కాలువ ఆ దారిని మద్రాసుదాకా చేర్చింది. అమలాపురం కొబ్బరికాయ నేల మీద కాలు పెట్టకుండా మద్రాసు వెళ్లగలిగేది.

ఆ పడవలకు ఇంజను లేదు. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప, లోతు తక్కువచోట గెడ. రెండూ పనికిరాని రోజు తాడే గతి. సరంగు చుక్కాని దగ్గర కూర్చునేవాడు, కళాసీలు గట్టెక్కేవారు. కొబ్బరిపీచు తాడు ఒరుసుకుపోకుండా భుజం మీద గుడ్డ మడిచి వేసుకుని, ముందుకు వంగి నడిచేవారు. మా అమ్మ వాళ్ల నాన్న కుర్రతనంలో ఆ పని చేశాడు. నేను చూసేనాటికి పని ఆగి చాలా ఏళ్లయింది గానీ, ఆయన ఎడమ భుజం మీద చర్మం చివరిదాకా మందంగానే ఉండేది. ధాన్యం, కొబ్బరి ఎక్కించుకుని ఎగువకు పోయేటప్పుడే అసలు కష్టమనేవాడు. కాలువ పారకం ఎదురు, పడవ నిండుగా బరువు. దిగువకు వచ్చేటప్పుడు నీళ్లే తోసుకొచ్చేవట.

"బయల్దేరేటప్పుడే బరువమ్మడూ. ఒకసారి కదిలిందంటే పడవ నీ కూడా వచ్చేస్తుంది. నువ్వు ఆగకపోతే చాలు" అనేవాడు తాతయ్య. తాడు బిగిసేదాకా మెల్లగా అడుగు వెయ్యాలి. గుంజితే తాడు తెగుతుంది, లేకపోతే నడుం పడుతుంది. మొదటి మైలులో జోరు చూపించే కొత్త కుర్రాణ్ని పాతవాళ్లు వెనక్కి లాగి నడిపించేవారట, లాకుదాకా వాడి బలం నిలవాలని. లాకు దగ్గర తలుపులు మూసి, నీళ్లు నిండేవరకు పడవ ఆగక తప్పదు. కళాసీలకు విశ్రాంతి ఆ కాసేపే. మూకుడులో తరవాణి, కాస్త ఉప్పు, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ. చెమటతో పోయిన ఉప్పు, నీళ్లు వాళ్లకు అలా తిరిగొచ్చేవి. ఇప్పుడు నేను పరుగులో తాగే పొట్లాం పొడి కలిపిన నీళ్లు చేసే పనీ అదే.

మారథాన్ సాధనకు మా నేల అనుకూలమూ, కాదూ. అంతా చదునుగా, కొబ్బరి నీడలో, కనుచూపుమేర ఒక్క ఎత్తు లేదు. విశాఖ వెళ్లి పరిగెత్తేవాళ్లకు అదే ఇబ్బంది. ఎత్తు ఎక్కే సాధన కావాలంటే మాకు ఏటిగట్టు, వంతెనల వాలు, అంతే. ఇక ఉక్క. తెల్లవారుజాము నాలుగున్నరకే గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. చెమట కారుతుందే తప్ప ఆరదు, ఒళ్లు చల్లబడదు, గుండె వేగం పెరిగిపోతుంది. హైదరాబాదులో తేలిగ్గా చేసే దూరం ఇక్కడ చెయ్యాలంటే వేగం తగ్గించుకోవాల్సిందే. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు బురద వాసన, జూన్‌లో నీళ్లు వదిలాక కాస్త చల్లదనం, తర్వాత వానలు. నల్లమట్టి గట్టు మీద వానపడ్డాక నిలబడటమే గొప్ప. తారురోడ్డు ఎక్కితే మోకాళ్ల కింది ఎముకలు నొప్పెడతాయి. ఆ నొప్పితోనే కొన్ని వారాలు పరుగు మానేసి నడకతో సరిపెట్టుకున్నాను. మళ్లీ మొదలుపెట్టిన రోజు మొదటి కిలోమీటరు మోయలేనంత బరువనిపించింది, తాతయ్య చెప్పిన మాట అక్షరాలా జరిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ముప్ఫై కిలోమీటర్లు దాటినప్పుడు ఒంట్లో కలిగిన ధైర్యం మాత్రం మరెందులోనూ చూడలేదు. ఆడది పరిగెడుతుంటే మా ఊళ్లలో అరుగుల మీది పెద్దమ్మలు ఊరుకోరు. "ఏంటమ్మా అలా పరిగెడతన్నావ్, ఎవరికన్నా బాలేదా?" అని ఆదుర్దాగా అడిగేవారు. "ఆయ్, ఏం లేదండి, అందరూ బాగానే ఉన్నారు" అని చెప్పి ముందుకు పోయేదాన్ని. ఇప్పుడు వాళ్లే మంచినీళ్ల చెంబుతో నిలబడుతున్నారు.

రాజోలు వైపు వెళితే పి.గన్నవరం అక్విడెక్టు చెప్పుకోకుండా ఉండలేం. గోదావరి పాయ వైనతేయ మీదుగా 49 కమానులతో, 1850ల్లో కట్టి, అవతలి నగరం దీవికి నీరు దాటించారు. దాని పక్కన 2000లో వచ్చిన కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఇంతకంటే తగిన పేరు దొరకదు. 1909లో కన్నుమూసేదాకా ఆ లంకల గన్నవరం తల్లి దారిన పోయేవాళ్లకు, ఏటి దగ్గర చిక్కుకున్నవాళ్లకు వేళకాని వేళల్లో అన్నం పెట్టింది. కోనసీమ నడకల చరిత్రలో ఆ వంటిల్లు కూడా భాగమే.

మారథాన్ పుట్టుకలోనూ మా కళాసీల్లాంటి పనివాడే ఉన్నాడు. 1896 ఏప్రిల్‌లో ఏథెన్స్‌లో జరిగిన మొదటి ఒలింపిక్ మారథాన్ గెలిచిన స్పిరిడాన్ లూయిస్, మరూసి ఊరి నుంచి నగరానికి నీళ్లు చేరవేసే తండ్రికి తోడుగా తిరిగినవాడు. అప్పటి దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఇప్పటి 42.195 కిలోమీటర్ల కొలత 1908 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చింది, 1921లో స్థిరపడింది. లూయిస్ పేరు ప్రపంచానికి తెలిసింది, గ్రీసు నెత్తిన పెట్టుకుంది. అంతే దూరం, అంత బరువుతో, కాలువ గట్టు మీద నడిచిన మా కళాసీల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

పడవల పని ఒక్కరోజులో పోలేదు. మద్రాసు–కలకత్తా రైలు దారి 1890ల్లో గోదావరి జిల్లాకు వచ్చినా కోనసీమ లోపలికి రాలేదు. కాకినాడ నుంచి 1928లో వేసిన పట్టాలు కోటిపల్లి రేవు దగ్గరే ఆగిపోయాయి, వాటినీ రెండో ప్రపంచయుద్ధంలో 1940లో పెకలించుకుపోయారు, అవి 2004లో గానీ తిరిగి రాలేదు. అందుకే మిగతా డెల్టాలో రైలు లాగేసుకున్న సరుకు ఇక్కడ చాలాకాలం పడవల్లోనే మిగిలింది. ఆ తర్వాత లారీలు వచ్చాయి, నదీపాయల మీద వంతెనలు లేచాయి. 2002లో యానాం–ఎదుర్లంక వంతెన తెరిచేనాటికి సరుకు పడవ కాలువల్లో జ్ఞాపకంగా మిగిలింది. గట్లు చాలాచోట్ల తారురోడ్లయ్యాయి. తాతయ్య కొబ్బరి వలుపుకు మళ్లాడు, ఆయన కొడుకులు డ్రైవర్లయ్యారు, ఒకరు కువైట్ వెళ్లారు.

కోనసీమ వాళ్ల ఒంటి సత్తువ లోకానికి తెలియదని కాదు. కనుమనాడు జగ్గన్నతోటకు పచ్చని చేలలోంచి, కౌశిక నీళ్లలో దిగి, దేవుణ్ని నిలిపిన ప్రభలను భుజాలమీద దాటించే కుర్రాళ్లను దేశమంతా చూసింది. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ ప్రభల తీర్థమే. దేవుడికోసం ఒక్కరోజు మోసిన భుజాలకు దక్కిన గౌరవం న్యాయమైనదే. బతుకుకోసం ఏళ్ల తరబడి తాడు లాగిన భుజాలకూ అంత గౌరవం దక్కాలి. మా లాకుల దగ్గర కాటన్ దొర పేరు చెప్పని మనిషి ఉండడు, చెప్పాల్సిందే కూడా. ఆ కాలువలను సంపదగా మార్చిన కాళ్లు ఎవరివో చెప్పే పలక మాత్రం నేను పరిగెత్తే దారిలో ఎక్కడా లేదు.

1960ల్లో కుర్రతనంలో తాడు పట్టినవాళ్లు ఇప్పుడు ఎనభైకి అటూఇటూగా ఉంటారు. మీ ఇంట్లోనో, వీధిలోనో ఒకరుంటే పక్కన కూర్చుని అడగండి. ఏ పడవ, ఎవరి సరుకు, ఏ లాకు నుంచి ఏ లాకుకు, ఏమిచ్చేవారు, ఏం తినేవారు, అన్నీ రాసిపెట్టండి. మాట ఫోనులో రికార్డు చేసినా చాలు. ఈ పని ఈ ఏడే చెయ్యాలి.