చిలకలగూడ కౌన్సిలరు ఈశ్వరీబాయి

పోయిన భాగంలో భాగ్యరెడ్డివర్మ పెట్టిన బడుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి అదే జంటనగరాల్లో ఒక పంతులమ్మ కౌన్సిలరైన సంగతి.

జె. ఈశ్వరీబాయి అనగానే మనకు గుర్తొచ్చేది 1968. కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు మీద దొంగతనం అంటగట్టి సజీవంగా తగలబెట్టారు. అసెంబ్లీలో ఆ చర్చ వచ్చినప్పుడు, దళితులను తన్నాలన్నట్టు మాట్లాడిన మంత్రికి ఆమె చెప్పు చూపించిందని మన సభల్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. అయితే ఆ రోజు ఆమెకు కొత్తగా ధైర్యం పుట్టుకురాలేదు. అప్పటికే పదహారేళ్లుగా ఆమె ప్రజల మధ్య పనిచేస్తోంది. క్లాసులో అడిగితే పిల్లలు అసెంబ్లీ సంగతి చెప్తారు, గీతారెడ్డి తల్లి అంటారు. మున్సిపాలిటీ మాట ఎవరూ ఎత్తరు.

1918 డిసెంబర్ 1న సికింద్రాబాద్ చిలకలగూడలో, మాల కుటుంబంలో పుట్టింది. రైల్వే స్టేషన్‌ను ఆనుకుని ఉన్న పేట అది. సికింద్రాబాద్ అంటే అప్పుడు తెల్లవాళ్ల దండు, రైల్వే. ఊళ్లో వెట్టి తప్ప మరో దారి లేని మనవాళ్లకు ఇక్కడ నెల జీతం దొరికింది, పిల్లలకు మిషన్ బడి దొరికింది. (దీన్ని తెల్లదొర మీద ప్రేమగా చదవకండి. దొర గడీకీ దండుకీ మధ్య మన తాతలు ఏది ఎంచుకున్నారో చెప్తున్నా.) ఆమె మిషన్ బడిలో, తర్వాత కీస్ హైస్కూల్లో చదివింది. చిన్న వయసులోనే పెళ్లి, పుణెలో కాపురం. అది నిలవలేదు. పుట్టిన పేటకే తిరిగొచ్చి పరోపకారిణి బడిలో టీచరైంది. చిలకలగూడలో గీతా విద్యాలయం పెట్టింది. 1942లో అంబేద్కర్ నాయకత్వంలో నాగపూర్‌లో జరిగిన సభకు వెళ్లింది. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ పుట్టిన సభ అది.

1951 చివర్లో మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. చిలకలగూడ నుంచి స్వతంత్రంగా నిలబడి గెలిచింది. పోలీసు చర్య జరిగి మూడేళ్లు. కాంగ్రెస్ గాలి ఎలా ఉందో ఊహించుకోండి. మొగుడి పేరు లేదు, పార్టీ గుర్తు లేదు. ఉన్నది బడిలో పలక పట్టించిన పంతులమ్మ అన్న పేరు. నా లెక్కలో ఆమె జీవితంలో అన్నిటికంటే గట్టి గెలుపు ఇదే.

కౌన్సిలరు పని అంటే నల్లా, మోరీ, వీధిదీపం. మేధావులకు ఇవి చిన్న విషయాలు. మనకు కావు. బావి దగ్గర దూరం నిలబెట్టిన జాతికి వీధి నల్లా అంటే కులం ప్రశ్నే. ఇంకోటి చూడండి. ఏ మున్సిపాలిటీలోనైనా చీపురు పట్టింది, పాకీ పని చేసింది మనవాళ్లే. ఆ కొలువులో మన ఇంటి ఆడమనిషి బల్లకు ఇవతల కుర్చీలో కూర్చుంది.

ఆ తర్వాత రిపబ్లికన్ పార్టీ, 1967లో ఎల్లారెడ్డి నుంచి శాసనసభ. ఓడించింది కాంగ్రెస్ నాయకురాలు టి.ఎన్. సదాలక్ష్మిని. ఒక మాల ఆడబిడ్డ, ఒక మాదిగ ఆడబిడ్డ ఒకే రిజర్వుడు సీటులో ఎదురుబొదురయ్యారు. దీన్ని మాల గెలుపుగా వాట్సాప్‌లో తిప్పేవాళ్లంటే నాకు చిరాకు. ఇద్దరూ మనకు కావలసినవాళ్లే. 1969 తెలంగాణ ఉద్యమంలో నిలబడింది. 1972లో సంపూర్ణ తెలంగాణ ప్రజాసమితి తరఫున గెలిచిన ఒకే ఒక్కరు ఈమె. 1991 ఫిబ్రవరి 24న చనిపోయింది.

2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో 150 డివిజన్లలో సగం మహిళలకే కేటాయించారు. అందులో ఎన్నిచోట్ల ఫ్లెక్సీ మీద భర్త ఫోటో పెద్దగా ఉందో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

పీహెచ్‌డీ అంశం వెతుక్కుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. సదాలక్ష్మి మీద గోగు శ్యామల 'నేనే బలాన్ని' రాసి దారి చూపించింది. సికింద్రాబాద్ కౌన్సిల్లో మనవాళ్లు ఏం మాట్లాడారో ఎవరో ఒకరు కూర్చుని తవ్వండి. కలిసి పనిచేద్దామంటే నేను సిద్ధం.

వచ్చే భాగంలో సదాలక్ష్మి.