తుంగభద్ర జలాశయం - నీటి నిర్వహణ

తుంగభద్ర జలాశయం, కర్ణాటక రాష్ట్రంలోని హోస్పేట (ప్రస్తుతం విజయనగర జిల్లా) వద్ద తుంగభద్ర నదిపై కట్టిన ఆనకట్ట వలన ఏర్పడిన జలాశయం. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని వర్షాభావ ప్రాంతాలకు ఇది సాగునీటిని, తాగునీటిని అందిస్తున్నది. 1953లో నీరు నింపడం మొదలైనప్పుడు దీని నిల్వ సామర్థ్యం సుమారు 133 టి.ఎం.సి. కాగా, 2016 నాటి సర్వే ప్రకారం అది 105.788 టి.ఎం.సి.లకు తగ్గింది. పూడిక వలన జరిగిన ఈ నష్టమే నీటి పంపకాన్ని, వరద నిర్వహణను కూడా చిక్కుల్లో పడవేసింది.

నది స్వభావం

పడమటి కనుమలలో పుట్టిన తుంగ, భద్ర నదులు కూడ్లి వద్ద కలిసి తుంగభద్రగా మారుతాయి. కనుమలలో కుండపోత వానలు కురుస్తాయి గాని, కాలువలు పారే బళ్ళారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం ప్రాంతాలు వర్షచ్ఛాయలో ఉన్నాయి. అనంతపురంలో సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల దాపున మాత్రమే. అందువలన జూలై నుండి అక్టోబరు వరకు ఎగువ నుండి వచ్చే ప్రవాహాన్ని పట్టి ఉంచి, తరువాతి నెలలలో వాడుకోవలసి ఉంటుంది. ఎగువ కాలువ (హెచ్.ఎల్.సి.) ఈ నీటిని పెన్నా పరీవాహక ప్రాంతానికి మళ్ళిస్తుంది.

నిర్మాణం, పంపకం

ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. అప్పటి హైదరాబాదు సంస్థానం, మద్రాసు ప్రెసిడెన్సీ కలిసి చేపట్టిన పథకమిది. స్పిల్‌వేకు 33 గేట్లున్నాయి. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. పూర్తి నీటి మట్టం 1633 అడుగులు. ఉమ్మడి నిర్వహణ కొరకు తుంగభద్ర బోర్డు 1953లో ఏర్పడింది.

కృష్ణా జలవివాదాల ట్రిబ్యునల్ (బచావత్ ట్రిబ్యునల్) ఈ జలాశయం క్రింద వినియోగాన్ని 230 టి.ఎం.సి.లుగా లెక్కించింది. ఇందులో 18 టి.ఎం.సి.లు ఆవిరి నష్టమే. మిగిలిన 212లో కర్ణాటకకు 138.99, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 73.01 టి.ఎం.సి.లు వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రపు వాటాలో ఎగువ కాలువకు 32.5, దిగువ కాలువకు 24, కర్నూలు-కడప కాలువకు 10, రాజోలిబండ మళ్ళింపు పథకానికి 6.51 టి.ఎం.సి.లు. నిల్వకంటే కేటాయింపు ఎక్కువగా ఉండడం పొరపాటు కాదు. వరద రోజులలో కాలువలకు వదిలే నీటి స్థానంలో కొత్త నీరు చేరుతుందన్న లెక్క అందులో ఉన్నది. నిల్వ తగ్గేకొద్దీ ఈ లెక్క తప్పుతుంది. అటువంటి సంవత్సరాలలో లభ్యతను బట్టి అన్ని వాటాలనూ దామాషాలో తగ్గిస్తారు. కాలువ చివరి భూముల రైతుకు ఇది రెండో పంట లేకపోవడంగా తెలుస్తుంది.

పూడిక

వరద నీరు జలాశయంలో ప్రవేశించగానే వేగం తగ్గి, మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు క్రిందకు దిగుతాయి. ముతక ఇసుక ఎగువ కొసలోనే మేట వేస్తుంది, సన్నని బంకమట్టి ఆనకట్ట దాకా వస్తుంది. కనుక పూడిక అడుగున ఉండే నిరుపయోగ నిల్వను మాత్రమే తింటుందనుకోవడం సరికాదు. అడవుల నరికివేత, గనుల త్రవ్వకం, వాలు భూములలో సాగు దీనికి కారణాలుగా చెబుతారు. భద్ర పుట్టిన కుద్రేముఖ్ ప్రాంతంలో ఇనుప ఖనిజపు త్రవ్వకం సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 చివర నిలిచిపోయింది.

2008 నాటి సర్వే నిల్వను 100.855 టి.ఎం.సి.లుగా చూపగా, 2016 సర్వేలో అంతకంటే ఎక్కువ వచ్చింది. పూడిక తనంతట తాను తగ్గదు కాబట్టి, దీనిని కొలిచే పద్ధతులలోని తేడాగానే చూడాలి.

పూడిక తీయాలన్న కోరిక తరచు వినబడుతుంది. 27 టి.ఎం.సి. అంటే సుమారు 76 కోట్ల ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే లారీలైతే ఏడున్నర కోట్ల లోడులు కావాలి, ఆ మట్టిని పోయడానికి చోటు కూడా ఉండాలి. అందుకే కర్ణాటక నవలి వద్ద సమతుల్య జలాశయాన్ని, ఆంధ్రప్రదేశ్ ఎగువ కాలువకు సమాంతర కాలువను ప్రతిపాదించాయి. రెండింటి ఉద్దేశం వరద నీటిని వేరొకచోట నిలుపుకోవడమే.

వరదలు

ఆనకట్టలో వరద కొరకు ప్రత్యేకించి ఖాళీ ఉంచరు. వానాకాలం ముగిసేలోగా నిండకపోతే ఆ ఏడు నీరు చాలదు, ముందే నిండితే వచ్చినదంతా దిగువకు వదలాలి. పూడిక పెరిగిన కొద్దీ జలాశయం త్వరగా నిండి, గేట్లు ఎత్తే రోజులు పెరుగుతాయి. నీరు వదిలినప్పుడు హంపిలో నదీ తీరపు మండపాలు మునుగుతుంటాయి. అయితే 2009 అక్టోబరు 2న కర్నూలును ముంచిన వరదకు ముఖ్య కారణం ఆనకట్టకు దిగువన కురిసిన అతిభారీ వర్షాలు. తుంగభద్రతో పాటు హంద్రీ కూడా పొంగింది. పైనున్న జలాశయం ఖాళీగా ఉన్నా అటువంటి వరదను ఆపజాలదు.

2024 ఆగష్టు 10 రాత్రి, జలాశయం నిండి ఉండగా, గొలుసు తెగి 19వ గేటు కొట్టుకుపోయింది. ఆనకట్టపై ఒత్తిడి తగ్గించడానికి మిగిలిన గేట్లు కూడా ఎత్తి నీరు వదిలారు. గేటు అడుగు మట్టం 1613 అడుగులు కాబట్టి, దాని పైనున్న నీరంతా పోయే ప్రమాదం ఏర్పడింది. నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారే నీటిలోనే స్టాప్‌లాగ్ పలకలను దించి, ఆగష్టు 17 నాటికి ప్రవాహాన్ని ఆపగలిగారు. గేట్లన్నీ పాతబడినందున 2025లో నిల్వను 80 టి.ఎం.సి.లకు పరిమితం చేశారు.