ఇండియన్ ఓషన్: పాటలను ఉచితంగా పంచిన ఢిల్లీ బ్యాండ్

సినిమా పాటలదే రాజ్యమైన దేశంలో సొంత బాణీలతో మూడు దశాబ్దాలకు పైగా నిలిచిన ఢిల్లీ రాక్ బ్యాండ్ ఇండియన్ ఓషన్. గిటారిస్టు సుస్మిత్ సేన్, తబలా వాయిస్తూ పాడే అసీమ్ చక్రవర్తి 1990లో దీన్ని ప్రారంభించారు. బాస్ గిటారిస్టు రాహుల్ రామ్ 1991లో, డ్రమ్మర్ అమిత్ కిలమ్ 1994లో చేరారు.

రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పర్యావరణ విషశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. నర్మదా బచావో ఆందోళన్‌లో పనిచేశారు. బ్యాండ్ పాడే ‘మా రేవా’ నర్మదా లోయ జానపదం. 2000లో పేరు తెచ్చిన ‘కందీసా’కు ఆధారం కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రార్థనాగీతం.

జనక్‌పురి మీదుగా వెళ్లే మెట్రో బ్లూ లైన్‌లోనే కరోల్ బాగ్ ఉంది. అక్కడి ఖజూర్ రోడ్డులోని ఓ పాత బంగ్లాలో బ్యాండ్ ఏళ్ల తరబడి సాధన చేసింది. 2009 డిసెంబరు 25న అసీమ్ మరణించారు. మరుసటి ఏడాది ఆ బంగ్లా చిరునామానే పేరుగా పెట్టి ‘16/330 ఖజూర్ రోడ్’ ఆల్బమ్ తెచ్చారు. సీడీల కంపెనీని ఆశ్రయించకుండా నెలకో పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా విడుదల చేశారు. అసీమ్ చివరిగా పాడిన పాటలు అలా నేరుగా శ్రోతలకు చేరాయి.

భారతీయ బ్యాండ్లకు రికార్డుల అమ్మకాల కన్నా కచేరీలే ప్రధాన జీవనాధారం. పాట ఎంత ఎక్కువ మందికి చేరితే కచేరీకి అంత మంది వస్తారు. ఉచిత విడుదల వెనుక ఉన్న లెక్క ఇదే.

2013లో సుస్మిత్ తప్పుకున్నారు. కొత్త సభ్యులతో బ్యాండ్ ‘తందను’ (2014), ‘తూ హై’ (2023) ఆల్బమ్‌లు వెలువరించింది.