గుండె పటం మీద అంటించిన చీటీలు

వేలూరు చరిత్ర రాయమంటే అందరం కోట గురించే రాస్తాం. 1806 సిపాయిల తిరుగుబాటు, టిప్పు సుల్తాన్ కుటుంబాన్ని ఉంచిన మహళ్లు, కోట చుట్టూ నీళ్ల అగడ్త. అవన్నీ గొప్పవే, కాదనను. కానీ నేను ఈ వ్యాసంలో మా బడి సైన్స్ గదిలో గోడకు వేలాడే ఒక పటం గురించి రాస్తున్నాను. చరిత్ర రాజుల దగ్గరే ఉంటుందా? జీవశాస్త్రం చెప్పడానికి వాడే సామాన్ల మీద కూడా ఉంటుంది. ఓపికగా చూడాలి, అంతే.

మా గదిలో ఉన్న సామాను చాలా తక్కువ. ఒక మైక్రోస్కోపు. గాజు సీసాల్లో మందునీళ్లలో ఉంచిన కప్ప, తేలు, ఒక చిన్న పాము. కొన్ని గాజు పలకలు. ఇక గోడల మీద పటాలు: కన్ను, చెవి, మూత్రపిండం, పువ్వు నిలువుకోత, గుండె. గుండె పటం అన్నిటికంటే పాతది. వెనక గుడ్డ అంటించి ఉంటుంది, పైనా కిందా కర్రలు. అచ్చు అక్షరాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాటి మీద ఎవరో ఒక టీచరు తెల్ల కాగితం చీటీలు కత్తిరించి, నీలం సిరాతో తెలుగు మాటలు రాసి, జిగురుతో అంటించారు. ఒక చీటీ మూల లేచిపోయింది. దాని కింద ఇంకొక చీటీ ఉంది, దాని మీద వేరే చేతిరాత. అంటే ఒకరు రాసింది మరొకరు దిద్దారన్నమాట.

కింద అచ్చులో 'ఆరికిల్' అని ఉంది. పై చీటీలో 'కర్ణిక'. కిందిది 'వెంట్రికిల్', చీటీ మీద 'జఠరిక'. ఈ రెండు మాటలు నేను ఎనిమిదో తరగతిలో బట్టీ పట్టాను. అర్థం తెలియలేదు. ఈ సంవత్సరం మా తెలుగు అయ్యవారిని అడిగితే ఆయన నవ్వి, కర్ణం అంటే చెవి, జఠరం అంటే కడుపు అన్నారు. మరి గుండెలో చెవి ఎందుకు, కడుపు ఎందుకు? లైబ్రరీలో పాత ఇంగ్లీషు నిఘంటువు తీసి చూస్తే తెలిసింది. లాటిన్‌లో ఆరికిల్ అంటే చిన్న చెవి, వెంట్రికిల్ అంటే చిన్న కడుపు! గుండె పై గదులకు అంటుకొని చెవి తమ్మెల్లాంటి ముక్కలు ఉంటాయి, అందుకని ఆ పేరు. మన తెలుగులోకి తెచ్చినవాళ్లు గుడ్డిగా ఒక సంస్కృతం మాట తగిలించలేదు. లాటిన్ మాట లోపల ఏముందో విప్పి చూసి, అదే అర్థం వచ్చే మాట కట్టారు. ఇంకో తమాషా ఏమంటే, కొత్త ఇంగ్లీషు పుస్తకాల్లో ఆరికిల్ తీసేసి ఏట్రియం అంటున్నారు. అది ఇంట్లో పెద్ద హాలుకు రోమన్లు పెట్టుకున్న పేరు. ఇంగ్లీషు వాళ్లు చెవిని వదిలేశారు, మనం ఇంకా పెట్టుకున్నాం.

అలాగే 'దారువు'. చెట్టు కాండంలో నీళ్లు పైకి తీసుకుపోయే గొట్టాలు. దారువు అంటే కొయ్య. ఇంగ్లీషులో జైలం అంటారు, ఆ గ్రీకు మాటకు కూడా కొయ్య అనే అర్థం. పత్రహరితం అంటే ఆకులోని పచ్చదనం, క్లోరోఫిల్ అన్నా అదే. మా క్లాసులో సగంమందికి ఈ మాటలంటే భయం. విప్పి చెప్తే భయం పోతుంది. నాకు పోయింది.

ఈ మాటలు కట్టే పని ఎక్కడ మొదలైంది? తెలుగులో సైన్స్ అంటే హైదరాబాదు, విజయవాడ అనుకుంటాం కదా. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన మిత్రులు కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టింది హైదరాబాదులోనే. కానీ కొద్దికాలానికే అది మద్రాసుకు మారింది. చరిత్ర, సైన్స్ అన్నీ తెలుగులో చదువుకోవాలన్నది వాళ్ల పట్టుదల. ఆ మండలి కోసం జీవశాస్త్రం, అంటువ్యాధులు గురించి పుస్తకాలు రాసినాయన డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు. పుట్టింది గోదావరి వైపు, డాక్టరు చదువు చదివింది మద్రాసులో. ఇంగ్లీషులో నేర్చుకున్న శరీరశాస్త్రాన్ని తెలుగులో చెప్పాలంటే ఆయన ముందు ఏ పుస్తకం ఉంటుంది? మాట కట్టుకోవాలి, వాక్యం కట్టుకోవాలి. ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతి గారు 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో ఆరోగ్యశాఖ మంత్రి అయ్యారు. (ఆమె గురించి వేరే వ్యాసం రాయాలి, ఇక్కడ చాలదు.)

కాబట్టి తెలుగు జీవశాస్త్రం మాటల్లో కొన్ని మన వేలూరుకు రైలులో రెండు మూడు గంటల దూరంలోనే పుట్టాయి. తమిళం మాట్లాడే ఊళ్లో కూర్చుని తెలుగు మాటలు కట్టారు. ఇప్పుడు మేము చేస్తున్నదీ ఒక రకంగా అదే.

ఆ రోజుల్లో ఇక్కడ సరిహద్దు లేదు. ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది, వేలూరు ఇటువైపు ఉండిపోయింది. అప్పుడు కూడా రెండూ మద్రాసు రాజధానిలోనే కాబట్టి పెద్ద తేడా రాలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే ఇటువైపు తెలుగువాళ్లం అల్పసంఖ్యాకులం అయ్యాం. ఆ మరుసటి సంవత్సరమే కామరాజు గారు ముఖ్యమంత్రి అయి, గుడియాత్తం ఉప ఎన్నికలో గెలిచి శాసనసభకు వెళ్లారు. ఆయన కాలంలో ఊరూరా బళ్లు వచ్చాయి, మధ్యాహ్నం అన్నం వచ్చింది. మా తాత చదివిన మగ్గాల వీధి బడి కూడా అప్పటిదేనట.

బళ్లు వచ్చాయి సరే, పుస్తకాలు? అక్కడ 1968లో హైదరాబాదులో తెలుగు అకాడమీ పెట్టి, కాలేజీ చదువులకు పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు వేశారు. ఇక్కడ 1970లో తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థ వచ్చింది. మన రాష్ట్ర పాఠాలనే తెలుగులోకి మార్చి మాకు ఇస్తారు. చిత్తూరు దగ్గర ఉన్న మా మేనత్త కొడుకు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. నా పుస్తకం మొత్తం తెలుగు. వాడి పాఠాలు వేరు, నా పాఠాలు వేరు. నాకు జలగ, కుందేలు ఉన్నాయి, వాడికి లేవు. భాష ఒకటే, మధ్యలో ఉన్నది ఒక చెక్‌పోస్టు. 2006 తమిళ భాషా చట్టం తర్వాత మేము తమిళం కూడా రాయాలా, తెలుగు ఎన్నో పేపరు అన్న గొడవ కోర్టుల దాకా వెళ్లింది. దాని గురించి పెద్దలు చాలా రాశారు. నేను సైన్స్ గది దాటి పోను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా అవ్వకు పోయిన వేసవిలో కడుపునొప్పి వస్తే వేలూరులో స్కాన్ తీయించాం. రిపోర్టులో 'పాంక్రియాస్' వాచింది అని ఉంది. మా నాయనకు అర్థం కాలేదు. నర్సక్క మంచిగా తమిళంలో 'కణైయం' అని చెప్పింది. అదీ అర్థం కాలేదు. నేను గర్వంగా "క్లోమం అవ్వా" అన్నాను. అవ్వ నా మొహం చూసి "అదేంది మే? నా కడుపులో అట్లాంటిది ఉందని డెబ్బై ఏండ్లకి చెప్తావా?" అంది. మూడు భాషల్లో మూడు మాటలున్నాయి, ఒక్కటీ అవ్వను చేరలేదు. చివరికి నేను నా చేతిని కడుపు మీద అడ్డంగా పెట్టి, "ఇక్కడ, జీర్ణాశయం వెనకాల, ఆకులాగా ఉంటుంది, అన్నం అరగడానికి రసం ఇస్తుంది, షుగర్ రాకుండా చూసేది కూడా ఇదే" అంటే అప్పుడు తల ఊపింది. పాపం క్లోమం తప్పు కాదు. పాత ఆయుర్వేద గ్రంథాల్లో క్లోమం అంటే ఏ అవయవమో పండితులే ఒక మాట మీద లేరు. మన పుస్తకాల వాళ్లు దాన్ని తెచ్చి ఇక్కడ స్థిరపరిచారు. కానీ స్థిరపడింది పరీక్ష పేపరులో, మా ఇంట్లో కాదు.

వేలూరులో ఈ ఇబ్బంది పాతది. డాక్టర్ ఐడా స్కడర్ గారు 1900లో ఇక్కడ వైద్యం మొదలుపెట్టారు. తర్వాత వారం వారం గుడియాత్తం దారి వెంట వెళ్తూ, చెట్ల కింద ఆగి రోగుల్ని చూసేవారు. 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల తెరిచారు. ఆ అమ్మాయిలు పుస్తకం ఇంగ్లీషులో చదివి, దారి పక్క రోగితో తమిళంలోనో తెలుగులోనో మాట్లాడాలి. 1971లో దేశంలో మొదటి విజయవంతమైన మూత్రపిండం మార్పిడి జరిగింది కూడా ఆ సీఎంసీలోనే. కరిగిరిలో 1955లో కుష్ఠు పరిశోధన కేంద్రం వచ్చింది. అంతకు ముందే సీఎంసీలో డాక్టర్ పాల్ బ్రాండ్ గారు ఒక సంగతి చూపించారు: కుష్ఠు రోగుల వేళ్లు వాటంతట అవి కుళ్లి ఊడిపోవు, నరాలు దెబ్బతిని నొప్పి తెలియకపోవడం వల్ల కాలినా, తెగినా తెలియక గాయాలతో పోతాయి. నాడీ వ్యవస్థ పాఠంలో మా మేడం ఇది చెప్పినప్పుడు క్లాసంతా నిశ్శబ్దం. నొప్పి మనకు కాపలా అని ఆ రోజు తెలిసింది. బస్సులో వెళ్లి చూసి రాగల ఊరిలో జరిగింది కదా, అందుకే మనసుకు పట్టింది.

మా మేడం ఇంకో పని కూడా చేస్తారు. రక్త ప్రసరణ పాఠం రోజు మటన్ కొట్టు నుంచి మేక గుండె తెప్పిస్తారు. దానికి ఒక కథ ఉంది. మొదటిసారి పంపిన అబ్బాయి కొట్టులో 'గుండెకాయ' అని అడిగితే, కొట్టు తాత మూత్రపిండాలు కట్టి ఇచ్చాడట! ఎందుకంటే తమిళంలో 'కుండిక్కాయ్' అంటే మూత్రపిండం. రెండు మాటలూ ఒకే వేరు నుంచి వచ్చాయని మా తెలుగు అయ్యవారు చెప్పారు. ఒక ఇంట్లో పుట్టిన అక్కాచెల్లెళ్లు, ఒకతె పైకి పోయి గుండె అయింది, ఒకతె నడుం దగ్గర ఆగిపోయింది. మూత్రపిండాలు కూడా వృథా కాలేదు, విసర్జన పాఠం ముందే చెప్పేశారు.

మేక గుండె పటంలో ఉన్నట్టు ఎర్రగా, నీలంగా ఉండదు. అంతా ఒకే గోధుమ ఎరుపు. మేడం బ్లేడుతో నిలువుగా కోసి, వేలు పెట్టి చూడమన్నారు. కుడి జఠరిక గోడ పలచన, ఎడమది నా బొటనవేలంత మందం. ఊపిరితిత్తులు పక్కనే కాబట్టి కుడిదానికి తక్కువ బలం చాలు, ఎడమది ఒళ్లంతా రక్తం తోయాలి. ఈ వాక్యం పుస్తకంలో ఉంది, నేను రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. వేలికి తగిలాక అది వేరే వాక్యం. కవాటాల కింద తెల్లటి దారాలు ఉన్నాయి, లాగినా తెగవు. రక్తం వెనక్కి తన్నినప్పుడు కవాటం రెక్క పైకి తిరగబడకుండా అవి పట్టుకుంటాయి. మా క్లాసులో మగ్గం ఇళ్ల పిల్లలం చాలామందిమి. "పడుగు దారాల్లాగా బిగువుగా ఉన్నాయి మేడం" అని ఒకమ్మాయి అంది. మేడం వెంటనే గుండె పటం దగ్గరికి వెళ్లి, ఒక కొత్త చీటీ మీద 'పడుగు దారాల వంటి తంత్రులు' అని రాసి అంటించారు. దిద్దుతూ వస్తున్న ఆ పటానికి అది మూడో చేతిరాత.

జలగ పాఠంలో ఇంకా బాగా జరిగింది. ఈసారి తెలిసినవాళ్లు అవ్వలూ తాతలే. చెరువులో బర్రెలను కడిగేటప్పుడు కాలికి పట్టేది, లాగితే రాదు, ఉప్పు వేస్తే రాలిపోయేది, రాలినా రక్తం ఆగకుండా కారేది అని మా అవ్వ చెప్పింది. రక్తం ఎందుకు గడ్డకట్టదో పుస్తకంలో ఉంది: జలగ లాలాజలంలో హిరుడిన్ అనే పదార్థం ఉంటుంది. అవ్వకు సంగతి తెలుసు, పుస్తకానికి కారణం తెలుసు. ఆ రోజు మాట కోసం ఎవరూ వెతుక్కోలేదు, ఎందుకంటే జలగ అనే మాట ఇంట్లోనూ, పుస్తకంలోనూ ఒకటే.

ప్రాక్టికల్‌కు 25 మార్కులు, రాతకు 75. ఆ నూటికీ మేము తెలుగులో తయారవుతాం. ఆ తర్వాత? మా బడిలో తెలుగు మాధ్యమం పదితో ఆగుతుంది. ప్లస్ వన్‌లో బయాలజీ తీసుకుంటే ఇంగ్లీషులో చదవాలి. అందుకే కొన్ని ఇళ్లలో 'పదేళ్లు నేర్చుకున్న మాటలు ఒక్క జూన్‌లో పనికిరాకుండా పోతాయి, ముందే ఇంగ్లీషులో వేస్తే పోదా?' అని అడుగుతున్నారు. తల్లిదండ్రులు అడిగేది తప్పని నేను అనలేను. నాక్కూడా నర్సింగ్ చదవాలని ఉంది, భయం కూడా ఉంది. మా వీధిలో పోయిన ఏడాది పది పాసైన అక్క ప్లస్ వన్ పుస్తకం చూపించింది. మొదటి పాఠాలన్నీ ప్రతి లైను పైనా పెన్సిల్‌తో తెలుగు మాటలే. గుండె పాఠానికి వచ్చేసరికి అవి పలచబడ్డాయి. ఏట్రియం దగ్గర మాత్రం 'కర్ణిక' అని రాసుకుంది, పక్కన చిన్న చెవి బొమ్మ వేసుకుంది. వేలూరు నుంచి వచ్చే వాళ్ల క్లాసు అమ్మాయిలు, తమిళం మీడియం వాళ్లు, ఆ బొమ్మ ఏమిటని అడిగి తమ పుస్తకాల్లోనూ వేసుకున్నారట.