బేరం నుంచి బటన్ దాకా: గాజువాక బజారు – డిజిటల్ మార్కెటింగ్

1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన విశాఖ ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. దాని నీడన గాజువాక పట్టణంగా ఎదిగింది. నెలజీతాల కుటుంబాలతో బజారు విస్తరించింది. బేరం, అరువు, ముఖపరిచయం అక్కడి వ్యాపారానికి ఆధారాలు.

ఆన్‌లైన్ వ్యాపారం మొదట సంపాదించుకోవలసి వచ్చింది ఈ నమ్మకాన్నే. సరుకు చూడకుండా డబ్బు చెల్లించడానికి వెనుకాడే కొనుగోలుదారుల కోసం ఫ్లిప్‌కార్ట్ 2010లో సరుకు అందాక నగదు తీసుకునే పద్ధతిని ప్రవేశపెట్టింది. 2016లో జియో, యూపీఐలు వచ్చి డేటానూ చెల్లింపునూ సులభం చేశాయి. 2020లో ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ తెలుగులోనూ సేవలందించసాగాయి. ఇంతవరకు మార్కెటింగ్ వినియోగదారుని అలవాటును అనుసరించిందనవచ్చు.

అయితే వెతికిన మాట, చూసిన వస్తువు సమాచారంగా నమోదై తరువాత కనిపించే ప్రకటనను నిర్ణయిస్తున్నాయి. అనుసరించినదే ఆ అలవాటును మలచడం మొదలుపెట్టింది. లేని కొరతను చూపి తొందరపెట్టడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వంటి 13 రకాల ‘డార్క్ ప్యాటర్న్స్’ను కేంద్ర ప్రభుత్వం 2023 నవంబరులో నిషేధించింది.

బేరం కుదరకపోతే గాజువాక దుకాణం మెట్లు దిగి వెళ్లిపోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తెర మీద ఆ ‘వద్దు’ అనే స్వేచ్ఛకు చట్టం కాపలా కాయవలసి వచ్చింది. ఈ చరిత్రలోని ప్రధాన పరిణామం ఇదే.