ఏమేవ్... కాఫీ!

ఈ కథలో ఊరి పేరు లేదు. రాయకూడదని ఈ కథలోని ఓ పెద్దావిడ షరతు. గోదావరి జిల్లాల్లో, నడిమధ్యనుంచి రైలు పట్టాలు పోయే ఓ చిన్న టౌను అనుకోండి, చాలు.

కార్తీక పౌర్ణమి వెళ్లిన నాలుగో రోజు. పొద్దున్న ఆరు దాటింది. మేడ మీద కాకుల గోల మొదలైంది. ఎవరింటి పిండం కోసమో అనుకుని పట్టించుకోలేదు నేను. మా ఆవిడ ఊరుకోలేక దుడ్డుకర్ర తీసుకుని మెట్లెక్కింది. మరు నిమిషం పైనుంచి కేక.

"ఏవండీ! తువ్వాలు పట్రండి, తొందరగా!"

నీళ్ల ట్యాంకు కింద, కాకి ముక్కు అందనంత లోపలికి ఒదిగి, ఓ రామచిలక. నోరు తెరుచుకుని రొప్పుతోంది. కర్రకి భయపడి ఆరేడు కాకులు కరెంటు తీగ మీదకి సర్దుకున్నాయి గానీ ఆశ మాత్రం వదులుకోలేదు. తువ్వాలు కప్పి పట్టుకున్నాను. అది ఊరుకుంటుందా? తువ్వాల్లోంచే నా బొటనవేలు దొరకబుచ్చుకుంది. చిలక కరిస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే అడకత్తెరలో వేలు పెట్టి చూడండి.

ఆ పెనుగులాటలో దాని కుడి రెక్క విచ్చుకుంది. పొడవాటి ఈకలన్నీ ఒకే వరసలో తెగ్గోసి ఉన్నాయి. అది కాకుల పని కాదు, కత్తెర పని.

"ఎవరో పెంచుకున్నదండీ పాపం" అంది మా ఆవిడ.

ఆ మాటకి సాక్ష్యం కాసేపటికి అదే చెప్పింది. బట్టల బుట్ట బోర్లించి, దాని కింద చిలకని పెట్టి, అందరం వంటింట్లోకి వచ్చేశాం. హాల్లో సద్దుమణిగింది. అప్పుడు బుట్టలోంచి ఓ ముసలాయన దగ్గాడు. పొడి దగ్గు, రెండు సార్లు. ఆపైన గొంతు సవరించుకుని:

"ఏమేవ్... కాఫీ!"

మా ఆవిడ చప్పున నావైపు తిరిగింది. నేను కాదన్నట్టు చెయ్యి ఊపాను.

పశువుల ఆసుపత్రిలో మా ముందు ఓ గేదెదూడ ఉంది. దాని వంతు అయ్యాక డాక్టరుగారు చిలకని మందులు తూచే చిన్న త్రాసులో, గుడ్డలో చుట్టి పెట్టారు. 92 గ్రాములు. ఈ జాతి చిలక మామూలుగా 120 గ్రాముల దగ్గర తూగాలట. పట్టుకుంటే ఎదురొమ్ము ఎముక కత్తి అంచులా తగులుతోంది.

"మెడ చుట్టూ నల్ల పట్టీ, దాని వెనక గులాబీ రంగు చూశారా? మగది. మూడేళ్లు నిండితే గానీ ఈ కంటె సరిగ్గా రాదు. ఆపైన వయసు ఎంతన్నది ఎవరూ చెప్పలేరు. సరిగ్గా చూసుకుంటే పాతికేళ్లు కూడా బతుకుతాయి. ఏం పెట్టారు?"

"పాలన్నం అండి."

"ఆపెయ్యండి. పాలు అరిగించుకునే ఏర్పాటు పక్షి కడుపులో లేదు."

చిలకంటే పాలన్నం, జామకాయ, పచ్చిమిరపకాయ అని చిన్నప్పటినుంచీ మనకి ఓ పాఠం. అందులో మొదటిది తప్పు, మిగతా రెండూ ఒప్పు. మిరప కారం పక్షి నాలుకకి తెలియనే తెలియదట. ఇంత వయసొచ్చాక తెలిసింది నాకు. డాక్టరుగారు మందుల చీటీ వెనకాల రాసిచ్చారు: నానబెట్టిన పెసలు, సెనగలు, సజ్జ కంకి, మునగాకు, తోటకూర, క్యారెట్టు. పొద్దుతిరుగుడు గింజలు రోజుకి నాలుగైదు, అంతే. ఉప్పు, నూనె, చాక్లెట్టు వద్దు. యాపిల్ పెడితే గింజలు తీసేసి పెట్టాలి.

"రెక్క మాటేమిటండీ?"

"గోరు కత్తిరించినట్టే, నొప్పి ఉండదు. కానీ కత్తిరించిన ఈక పెరగదు. ఆ మోడు రాలిపోయి కొత్తది మొలవాలి. దానికి నెలలు పడుతుంది." కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారాయన. "ఇంకో మాట. ఇది మీ దగ్గర ఉండకూడదు. ఆ కాఫీ అడిగే పెద్దాయన దగ్గరా ఉండకూడదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మన దేశపు చిలకని పంజరంలో పెట్టడం నేరం. జోస్యం చెప్పే చిలకకీ ఇదే చట్టం. లవ్ బర్డ్స్ అని అమ్మేవి పరాయి దేశాలవి, వాటి లెక్క వేరు."

అక్కడినుంచే అటవీ శాఖ వాళ్లకి ఫోన్ చేశాను. వివరాలు రాసుకున్నారు. డాక్టరుగారు ఫోన్ అందుకుని, ఈ బరువుతో ప్రయాణం చేయిస్తే దారిలోనే పోతుంది, కాస్త కండ పట్టాక తీసుకెళ్లండి అన్నారు. అలా 19 రోజులు అది మా ఇంట్లో ఉంది.

పంజరం పక్కవీధి వాళ్ల అటక మీద దొరికింది. మొదట వంటింటి గుమ్మం పక్కన పెట్టాం, మనుషులు తిరిగే చోటైతే బెదురు పోతుందని. రెండో రోజు డాక్టరుగారు ఫోన్లో ఆ సంగతి విని ఒక్కసారిగా గొంతు పెంచారు. మా దోసెల పెనం నాన్‌స్టిక్కు. అది మాడేలా కాలితే వచ్చే ఆవిరి మన ముక్కుకి తెలియకపోవచ్చు. పక్షి ఊపిరితిత్తులకి మాత్రం విషం, నిమిషాల్లో ప్రాణం పోతుందట. పంజరం హాల్లోకి మారింది, పెనం అటకెక్కింది. మా ఇంట్లో ఇప్పటికీ ఇనప పెనమే.

రోజూ పొద్దున్న పంజరం అడుగున కాగితం మార్చడం నా వంతు. తీసే ముందు నీళ్లు చల్లి తడపాలి. ఎండిన రెట్ట పొడి మనం పీలిస్తే చిలకల జ్వరం ఒకటి అంటుకునే ప్రమాదం ఉంది. పారేసే ముందు రెట్టని చూడాలి కూడా. ఆకుపచ్చ, తెలుపు, నీరు మూడూ విడివిడిగా కనిపిస్తే కులాసా. 'ఈనాడు' సినిమా పేజీ మీద రెట్ట రంగు చూస్తూ కూర్చున్న మొగుణ్ణి చూసి మా ఆవిడ నవ్విన నవ్వు ఇక్కడ రాయలేను. సాయంత్రం ఆరున్నరకి పంజరం మీద పాత నూలుచీర కప్పేవాళ్లం. చిలక్కి పది పన్నెండు గంటల చీకటి కావాలి. అంటే ఆ 19 రోజులూ హాల్లో టీవీ లేదు.

పదో రోజుకి 104 గ్రాములు. వేప పుల్ల ఇస్తే ఓ కాలి మీద నిలబడి, రెండో కాలితో పట్టుకుని చీల్చి పోసేది. రెండు వేళ్లు ముందుకి, రెండు వెనక్కి. పీట మీద కూర్చుని మునక్కాడ నములుతున్న మనిషి అచ్చం అలాగే ఉంటాడు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎక్కడో చదివి ఓ కబురు పట్టుకొచ్చింది. 2008లో జపాన్‌లో, టోక్యో దగ్గర నగరేయామా అనే ఊళ్లో ఓ ఆఫ్రికా చిలక పోలీసులకి దొరికిందట. స్టేషన్లో నోరు విప్పలేదు. పశువుల ఆసుపత్రికి మార్చాక, కొన్నాళ్లకి డాక్టరుతో తన పేరూ ఇంటి అడ్రసూ గడగడా చెప్పేసింది. పెంచినవాళ్లు నేర్పి ఉంచారట.

"మనదీ చెబుతుందేమో నాన్నా!"

నోటు పుస్తకం తెరిచింది. చిలక నోట ఏది వస్తే అది, టైముతో సహా. పొద్దున్న ఐదున్నరకి దగ్గు, 'ఏమేవ్ కాఫీ'. ఏడింటికి కుక్కరు కూత, సరిగ్గా రెండు. చేతక్ లాంటి పాత స్కూటరు కిక్కు కొట్టిన చప్పుడు, అదీ మూడు సార్లు, స్టార్టు అవకుండా. 'ఎవరండీ?' 'ఏమేవ్, గేటు పడింది.' సాయంత్రాలు 'గోవిందా'. వారం తిరిగేసరికి మేం ఎప్పుడూ చూడని ఓ ఇల్లు ఆ పుస్తకంలో లేచి నిలబడింది. పిల్లల గొంతు లేదు, టీవీ మోత లేదు. ఇద్దరే మనుషులు. ఆయన పిలుస్తాడు. ఆవిడ మాట మాత్రం ఒక్కటీ లేదు.

ఎందుకు లేదో డాక్టరుగారు చెప్పారు. చిలకలు గుంపులో ఒకదాన్నొకటి కేకేసుకుని బదులు పలుకుతాయి. ఇంట్లో పెరిగినదానికి ఇల్లే గుంపు. ఏ కేకకి తప్పకుండా మనిషి పలుకుతుందో ఆ కేకనే పట్టుకుంటుంది.

ఆ మాట విన్న మర్నాడు పొద్దున్న, 'ఏమేవ్ కాఫీ' వినగానే మా ఆవిడ నిద్ర మంచం మీంచే "ఆఁ, ఉండండి" అంది. చిలక ఊరుకుంది. ఎనిమిది రోజుల్లో మొదటిసారి, రెండో కేక వెయ్యలేదు.

'గేటు పడింది' అన్నదొక్కటే మాకు ఆధారం. ఊళ్లో రైలు గేటు ఒక్కటే ఉంది, మా ఇంటికి అర కిలోమీటరు. పట్టాలకి అవతల మూడు వీధులు. ఆదివారం సాయంత్రం చిలక గొంతు ఫోన్లో రికార్డు చేసుకుని బయల్దేరాను. మొదటి వీధిలో కిరాణా కొట్టు, పాల కేంద్రం. ఎవరికీ తెలియదన్నారు. రెండో వీధి మొదట్లో, వేపచెట్టు కింద ఇస్త్రీ బండి. అతను చొక్కా మీద నీళ్లు చిలకరిస్తూ, వినిపించండి బాబుగారూ అన్నాడు. వినిపించాను.

ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. "ఇంకోసారి పెట్టండి."

పెట్టాను. దగ్గు. గొంతు సవరింపు. 'ఏమేవ్... కాఫీ!'

"మాస్టారు గొంతండీ ఇది." చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "మాస్టారు పోయి రెండు నెల్లయిందండి."

బొగ్గుల వేడికి నాకు చెమట పట్టింది అనుకున్నాను. నేను నిలబడ్డది బండికి ఇవతల, నీడలో.

పెంకుటిల్లు. అరుగు పక్కన కవరు కప్పిన స్కూటరు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు. ఏమని పిలవాలి, ఎలా మొదలుపెట్టాలి? ముందు ఫోన్ సౌండు తగ్గిద్దామని జేబులోంచి తీశాను. తీయకుండా ఉండాల్సింది. వేలు ఎక్కడ తగిలిందో, మాస్టారి గొంతు గుమ్మంలో ఖంగున మోగింది.

"ఏమేవ్... కాఫీ!"

"ఆఁ, తెస్తున్నా" అంది లోపలినుంచి గొంతు, చాలా మామూలుగా.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆవిడ బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో నాకు లెక్క తెలియదు. వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. తప్పయిపోయిందండీ అని జరిగినదంతా చెప్పాను. కాకుల దగ్గర ఆవిడ కళ్లు మూసుకున్నారు.

"అది తప్పిపోలేదు బాబూ. నేనే వదిలేశాను."

మాస్టారు పోయిన నెలకి గుళ్లో హరికథ చెప్పించారట. రామదాసు కథ. గోల్కొండలో గోపన్న పన్నెండేళ్లు చెరలో మగ్గడానికి కారణం, పూర్వజన్మలో చిలకని పన్నెండేళ్లు పంజరంలో పెట్టిన పాపం అంటారు కదా. తెలుగునాట ఎవరికి తెలియని కథ? ఆవిడా చిన్నప్పటినుంచీ విన్నదే. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆయనకి అక్కడ ఏం రాసిపెట్టి ఉందో అని. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున తలారా స్నానం చేసి, పంజరం దొడ్లోకి తెచ్చి తలుపు తీశారు. అది రాలేదు. చెయ్యి పెట్టి తీసి, గోడ మీద కూర్చోబెట్టి, లోపలికొచ్చి తలుపేసుకున్నారు.

"రెక్కల సంగతి?"

"ఆయనే కత్తిరించేవారు, ఏటా వానాకాలం వెళ్లాక. నేనెప్పుడూ చూసేదాన్ని కాదు. ఎగిరిపోతుందనే అనుకున్నా."

దేవుడికి వదిలేశాం అంటూ పెంపుడు చిలకల్ని ఇలా గాల్లోకి వదిలేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. మేత వెతకడం రాదు, కాకిని చూసి దాక్కోవడం రాదు, గుంపు చేర్చుకోదు. ఇదంతా ఆవిడతో అనబోయి మింగేశాను. ఆవిడ చేతులు వణుకుతున్నాయి.

మర్నాడు పొద్దున్న జీపు వస్తుంది, విశాఖ జూకి పంపుతాం అని అటవీ శాఖ వాళ్లు చెప్పిన సాయంత్రం ఆవిడ మా ఇంటికొచ్చారు. కొంగున రెండు దోర జామకాయలు. చిలక 116 గ్రాములు తూగుతోంది అప్పటికి. ఆవిడని చూడగానే చువ్వలు పట్టుకుని ముందుకొచ్చింది. కంటిపాపలు చిన్నవీ పెద్దవీ అవుతున్నాయి. తల వంచి చువ్వకి ఆనించింది. ఆవిడ వేలితో మెడ వెనక గోకారు. గంటసేపు కూర్చున్నారు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. చిలక ఒక్క మాట అనలేదు.

ఉండబట్టలేక మా అమ్మాయి ఫోన్ తీసింది. "రికార్డు ఉంది మామ్మగారూ, పెట్టనా?"

"వద్దమ్మా. అదంటే వింటాను. లేకపోతే లేదు."

గేటు దాకా సాగనంపడానికి వెళ్లాను. చెప్పులు వేసుకుంటూ ఆగారు.

"డాక్టరుగారు దాని వయసేమైనా చెప్పారా?"

"చెప్పలేమన్నారండి."

"మా ఇంటికొచ్చి పదకొండేళ్ల నాలుగు నెలలు. మొన్న క్యాలెండర్లన్నీ తీసి లెక్క చూశాను." చెంగు భుజం చుట్టూ కప్పుకున్నారు. "పన్నెండు నిండలేదు బాబూ."

వీధి దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఆవిడ మలుపు తిరిగారు. నేను గేటు గడియ వేస్తుంటే, లోపల, చీర కప్పిన పంజరంలోంచి రెండుసార్లు దగ్గు వినిపించింది.