మానసిక ఆరోగ్య పరిశోధనలో దళిత స్కాలర్లు: డబ్బు ఎక్కడుంది, దారి ఎక్కడ తెగుతోంది

మానసిక ఆరోగ్యం గురించి ఎక్కడ మాట్లాడినా ముందుగా వినిపించేది ఒక లెక్క. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారు. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. ఆ పన్నెండింటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు.

కులం సంగతికొస్తే లెక్కలు ఇంకా తక్కువ. ఆశిష్ గుప్తా, డయాన్ కాఫీ 2020లో ప్రచురించిన పరిశోధన, పైకులాల హిందువులతో పోలిస్తే షెడ్యూల్డ్ కులాల వాళ్ల, ముస్లింల మానసిక ఆరోగ్యం బాగా లేదని చూపించింది. ఇలాంటి పని ఇంకా ఎంతో జరగాలి. మరి ఎవరు చేయాలి? అందుకు జీతం ఎవరిస్తారు? పీహెచ్‌డీలో చేరబోతున్న, చేస్తున్న, ఈమధ్యే పూర్తి చేసిన దళిత విద్యార్థుల కోసం మేం ఈ వ్యాసం రాస్తున్నాం. ఫెలోషిప్‌లు ఎక్కడున్నాయో, ఏ మలుపులో దారి తెగుతోందో ఒకచోట పెట్టడం మా ఉద్దేశం.

మనవాళ్లే ఎందుకు చేయాలి

ఇది కేవలం ప్రాతినిధ్యం గురించిన ప్రశ్న కాదు, పరిశోధన నాణ్యతకు సంబంధించిన ప్రశ్న కూడా. డిప్రెషన్‌ను కొలిచే ప్రశ్నావళులు ఎక్కువగా ఇంగ్లిష్‌లో పుట్టి తెలుగులోకి వచ్చినవే. అనువాదంలో ‘కుంగుబాటు’ అని ఉంటుంది. తెలంగాణ పల్లెలో ఒక అమ్మ ‘రంది పట్టుకున్నది’ అంటుంది, ‘మనాది పెట్టుకున్నడు’ అంటుంది. ఆ మాటను ఏ గడిలో టిక్కు పెట్టాలో ఆ ఇంటి భాష తెలిసినవాళ్లకే తడుతుంది. ఊళ్లో ఇంటి బయటే నిలబెట్టి మాట్లాడినందుకు కలిగే బాధను, హాస్టల్‌లో ర్యాంకు అడిగి కులం తెలుసుకునే చూపును ‘ఒత్తిడి’ అనే ఒక్క గడిలో వేస్తే, కారణం మాయమై లక్షణం మాత్రమే మిగులుతుంది. మందులు లక్షణానికి ఇస్తారు, కారణాన్ని ఎవరూ అడగరు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్, కులం ఆధారంగా వివక్ష లేకుండా ప్రతి ఒక్కరికీ మానసిక వైద్య సేవలు అందాలని చెబుతోంది. వివక్ష జరుగుతోందని నిరూపించాలంటే ఆధారాలు కావాలి, ఆధారాలకు పరిశోధన కావాలి.

మొదటి మెట్టు: పీహెచ్‌డీ ఫెలోషిప్

ఎక్కువమంది ఎస్సీ స్కాలర్లకు ఆసరా ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్. 2005-06లో రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్ పేరుతో ఇది మొదలైంది. డబ్బు కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖది. ఏడాదికి 2,000 స్లాట్లు. దేశం మొత్తానికి, అన్ని సబ్జెక్టులకూ కలిపి ఇవే. 2023 జనవరి 1 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం, కంటింజెన్సీ వేరు. మొత్తం కాలం ఐదేళ్లు. ఎంపిక నెట్ మెరిట్ మీదే జరుగుతుంది కాబట్టి, నెట్ దరఖాస్తు నింపేటప్పుడే కేటగిరీ వివరాలు సర్టిఫికెట్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోలాలి.

ఇక్కడే ఒక గోడ ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ దళితులే ఎస్సీలు. మన రెండు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన దళితులు బీసీ-సీ. వాళ్లకు ఈ ఫెలోషిప్ రాదు. మైనారిటీ విద్యార్థులకు ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022 డిసెంబర్‌లో ఆపేసింది. దాంతో వాళ్లకు రెండో తలుపు కూడా మూసుకుపోయింది. వాడలో పక్కపక్క ఇళ్లలో పెరిగిన ఇద్దరు పిల్లలకు అవమానం ఒకటే అయినా ఫెలోషిప్ ఒకటి కాదు.

రెండో దారి ఐసీఎంఆర్ జేఆర్‌ఎఫ్. వైద్య పరిశోధన మండలి అనగానే మన సోషల్ సైన్స్ పిల్లలు ‘అది మనకు కాదులే’ అనుకుంటారు. సైకాలజీ, సోషియాలజీ, ఆంత్రోపాలజీ, సోషల్ వర్క్, ప్రజారోగ్యం చదివినవాళ్ల కోసం అందులో ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. మూడోది ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్. మొత్తం తక్కువే, కాలం కూడా తక్కువే. నెట్ జేఆర్‌ఎఫ్ రానివాళ్లకు మాత్రం అది ఊపిరి.

వైద్యం చేస్తూ పరిశోధన చేయాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. క్లినికల్ సైకాలజిస్టుగా పని చేయాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చదివి రిజిస్టర్ కావాలి. ఇన్నాళ్లూ ఆ దారి ఎంఫిల్. యూజీసీ 2022 నిబంధనలతో ఎంఫిల్ రద్దయింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లలో మాత్రం 2025-26 వరకు అడ్మిషన్లకు అనుమతి ఇచ్చారు. కోర్సులు మారుతున్న కాలం ఇది. ఏ కాలేజీలో ఫీజు కట్టే ముందైనా ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఏ సంవత్సరం వరకు ఉందో చూసుకోవాలి.

విదేశీ చదువు

కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 125 మందికి. అందులో 115 ఎస్సీలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు, వయసు 35 లోపు, విదేశీ యూనివర్సిటీ క్యూఎస్ ర్యాంకింగ్‌లో మొదటి 500లో ఉండాలి. 2022లో మార్చిన నిబంధనల్లో, భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజ అధ్యయనాల మీద పరిశోధనలకు ఈ డబ్బు ఇవ్వబోమని చేర్చారు. కులానికీ మానసిక ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద పని చేయాలనుకునే దళిత విద్యార్థికి ఇది నేరుగా తగిలే దెబ్బ. దరఖాస్తుకు ముందు ఆ ఏడాది మార్గదర్శకాలు పూర్తిగా చదవాలి. ప్రజారోగ్యం, ఎపిడెమియాలజీ, క్లినికల్ సైకాలజీ కోర్సుల చట్రంలో పరిశోధన ప్రశ్నను ఎలా రాయాలో సీనియర్లతో కూర్చుని మాట్లాడుకోవాలి.

ఎంపికైనంత మాత్రాన టికెట్ కొనుక్కోవద్దు. 2025 జూలైలో ఈ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, ముందు 40 మందికే ప్రొవిజనల్ లెటర్లు ఇచ్చారు. మిగతావాళ్లకు నిధుల లభ్యతను బట్టి అన్నారు. తెలంగాణ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల వరకు సాయం ఉంది. అర్హత ఉన్నవాళ్లు ఒక్కదాన్నే నమ్ముకోకుండా రెండింటినీ దృష్టిలో పెట్టుకోవాలి.

డబ్బు ఆలస్యం కూడా మానసిక ఆరోగ్య సమస్యే

2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయేనాటికి ఆయనకు ఏడు నెలల ఫెలోషిప్, 1.75 లక్షల రూపాయలు రావాల్సి ఉంది. ఆ లెక్క ఆయన చివరి ఉత్తరంలోనే ఉంది. ఒక్క కారణంతో ఎవరి మరణాన్నీ వివరించలేం. కానీ మొదటి తరం స్కాలర్‌కు ఫెలోషిప్ అంటే పాకెట్ మనీ కాదు. అందులోంచే ఊరికి డబ్బు వెళ్తుంది, చెల్లి ఫీజు కడతారు, అమ్మ మందులు కొంటారు. మూడు నెలలు ఆగితే మెస్ బాకీ, ఆరు నెలలు ఆగితే వడ్డీకి అప్పు. గైడ్ సంతకం, డిపార్ట్‌మెంట్ ధ్రువీకరణ, యూనివర్సిటీ సెక్షన్, పోర్టల్... ఒక్కచోట కాగితం ఆగినా డబ్బు ఆగుతుంది. గైడ్‌కు మన మీద కోపం ఉంటే ఆ సంతకమే ఆయుధం అవుతుంది. మానసిక ఆరోగ్యం మీద పరిశోధన చేస్తున్న స్కాలర్ తన నిద్రలేని రాత్రులను ఏ పట్టికలో వేసుకోవాలి?

రెండో మెట్టు: తెగే చోటు

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ల వరకు గడువు ఉంది. ఆ తర్వాత రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు పొడిగించుకోవచ్చు. మహిళలకు, వికలాంగులకు ఇంకో రెండేళ్లు అదనం. ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లే. మానసిక ఆరోగ్య పరిశోధనలో ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల అలాంటి కమిటీయే ఉండదు. వేరే సంస్థ కమిటీని బతిమాలుకుని అనుమతి తెచ్చుకునేసరికి నెలలు గడుస్తాయి. తర్వాత ఫీల్డ్ వర్క్. ఇలా ఆరో ఏడాది వచ్చేసరికి థీసిస్ టేబుల్ మీద ఉంటుంది, ఖాతాలో మాత్రం ఏమీ ఉండదు.

ఆ ఏడాదిలోనే చాలామంది డిగ్రీ కాలేజీలో గెస్ట్ ఫ్యాకల్టీగానో, కోచింగ్ సెంటర్‌లోనో చేరిపోతారు. పేపర్లు రాయాల్సిన సమయం అదే. ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవాళ్లు రాస్తారు, లేనివాళ్లు ఆగిపోతారు. రెండేళ్ల తర్వాత ఇంటర్వ్యూలో ‘మీ పబ్లికేషన్లు తక్కువ’ అంటారు. దాన్ని మెరిట్ అంటారు. చేతిలో డబ్బు లేని ఒక్క ఏడాదికి మెరిట్ అని పేరు పెట్టారని మేం అంటాం.

పీహెచ్‌డీ తర్వాతి అవకాశాల్లో తెలుసుకోవాల్సినవి ఇవి. హైదరాబాద్ కేంద్రంగా 2008 నుంచి నడుస్తున్న డీబీటీ-వెల్‌కమ్ ట్రస్ట్ ఇండియా అలయన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్‌లు ఇస్తుంది. క్లినికల్, ప్రజారోగ్య పరిశోధనకు అందులో ప్రత్యేక విభాగం ఉంది. వయసు పరిమితి పెట్టరు, పరిశోధన అనుభవాన్ని చూస్తారు. చదువు మధ్యలో ఆగి ఆలస్యంగా వచ్చిన మనలాంటివాళ్లకు ఇది ముఖ్యమైన విషయం. 2025 అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఈ కార్యక్రమం మూడో దశకు ఆమోదం తెలిపింది. లండన్‌లోని వెల్‌కమ్ సంస్థ మానసిక ఆరోగ్యాన్ని తన ప్రధాన లక్ష్యాల్లో ఒకటిగా పెట్టుకుంది కానీ, దాని సొంత ఎర్లీ కెరీర్ అవార్డులకు భారత సంస్థల నుంచి దరఖాస్తు తీసుకోరు. మనకు తలుపు ఇండియా అలయన్సే. ఐసీఎస్‌ఎస్‌ఆర్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్, సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ నడిపే కాగ్నిటివ్ సైన్స్ కార్యక్రమం కూడా చూడాలి.

స్వచ్ఛంద సంస్థల్లో పరిశోధన ఉద్యోగాలు కూడా సన్నగిల్లాయి. 2020 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ సవరణ తర్వాత విదేశీ నిధులు తీసుకున్న సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పెద్ద సంస్థల ద్వారా జిల్లాల్లోని చిన్న సంఘాలకు వచ్చే ప్రాజెక్టులు, ఆ ప్రాజెక్టుల్లో మన పిల్లలకు దొరికే మొదటి ఉద్యోగాలు దాంతో పోయాయి.

మూడో మెట్టు: పర్మనెంట్ ఉద్యోగం

కేంద్ర విద్యాసంస్థల ఉపాధ్యాయ నియామకాల్లో యూనివర్సిటీ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని రిజర్వేషన్ అమలు చేయాలని 2019 చట్టం చెప్పింది. అదే చట్టం షెడ్యూల్‌లో కొన్ని సంస్థలకు మినహాయింపు ఇచ్చింది. మెదడు మీద పరిశోధన చేసే మనేసర్‌లోని నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ఆ మినహాయింపు జాబితాలో ఉంది. ఇక తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి పూర్తిస్థాయి నియామకాలు లేవు. పోస్టు ఖాళీగా ఉన్నంతకాలం రిజర్వేషన్ కాగితం మీదే ఉంటుంది. దళిత ప్రొఫెసర్ లేని డిపార్ట్‌మెంట్‌లో దళిత స్కాలర్‌కు గైడ్ దొరకడం, సిఫారసు లేఖ దొరకడం, ప్రాజెక్టులో చోటు దొరకడం అన్నీ కష్టమే.

ఇప్పుడు చేతిలో ఉన్న పనులు

చేరిన రోజు నుంచే ఒక ఫైలు పెట్టండి. ఫెలోషిప్ అవార్డు లెటర్, జాయినింగ్ రిపోర్ట్, ప్రతి నెల ధ్రువీకరణ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంట్ అందులో ఉండాలి. డబ్బు ఆగితే ఫోన్లతో సరిపెట్టకుండా రాతపూర్వకంగా అడగండి, ఇన్‌వర్డ్ నంబర్ తీసుకోండి. ఏ సెక్షన్‌లో ఎన్ని రోజులు ఆగిందో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఎస్సీ, ఎస్టీ సెల్‌కు, జాతీయ ఎస్సీ కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఒక్కరే రాస్తే ‘సమస్య సృష్టించే విద్యార్థి’ అంటారు. పదిమంది కలిసి రాయండి.

ఎథిక్స్ దరఖాస్తును కోర్స్ వర్క్ సమయంలోనే మొదలుపెట్టండి. నాలుగో ఏడాదిలోనే పోస్ట్ డాక్ గడువుల పట్టిక రాసుకోండి. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ యూనివర్సిటీల్లో అంతర్జాతీయ జర్నళ్లు ఉచితంగా చదవొచ్చు. మీ లైబ్రేరియన్‌ను లాగిన్ అడగండి. సీనియర్లకు మా విన్నపం ఒకటే: మీకు వచ్చిన ప్రపోజల్, మీకు తిరస్కరణ తెచ్చిన ప్రపోజల్ రెండూ జూనియర్లకు ఇవ్వండి. పైకులాల ఇళ్లలో ఈ జ్ఞానం భోజనాల దగ్గర దొరుకుతుంది. మనకు సంఘంలోనే దొరకాలి.

సంఘాలు అడగాల్సినవి కూడా స్పష్టంగానే ఉన్నాయి. ఫెలోషిప్ కాలం పీహెచ్‌డీ గడువుతో సమానం కావాలి. థీసిస్ ఇచ్చాక కనీసం ఒక ఏడాది బ్రిడ్జ్ ఫెలోషిప్ ఉండాలి. ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద పెట్టిన సబ్జెక్టు ఆంక్ష ఎత్తేయాలి. దళిత క్రైస్తవ స్కాలర్లకు దారి చూపాలి. విద్యార్థుల ఆత్మహత్యలపై సుప్రీంకోర్టు 2025 మార్చిలో జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. క్యాంపస్ మరణాల గురించి మాట్లాడే ప్రతి వేదిక మీదా ఫెలోషిప్ ఆలస్యం గురించి కూడా మాట్లాడాలి.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా మనసు బరువెక్కితే ఒంటరిగా ఉండొద్దు. ప్రభుత్వ టెలీ-మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ సమయంలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఉచితం. ఆగిన ఫెలోషిప్ కోసం పోరాడటానికి మేమంతా ఉన్నాం. ఆ పోరాటంలో మీరూ మాతో ఉండాలి.